మందు మానితేనే ఆస్తి: సినిమాల్లో చూసే వీలునామా షరతు నిజంగా చెల్లుతుందా?

కథ మనందరికీ తెలిసిందే. కోట్ల ఆస్తి ఉన్న పెద్దాయన పోతాడు. వారసుడికేమో పొద్దున లేస్తే తాగుడు, పేకాట, తిరుగుళ్లు. లాయర్ నల్లకోటు వేసుకొచ్చి హాల్లో అందరి ముందూ వీలునామా చదువుతాడు: ఇన్ని నెలల్లో బుద్ధిగా మారితే ఆస్తి నీది, లేకపోతే ఫలానావాడిది. ఆ ఫలానావాడు అక్కడే సోఫాలో కూర్చుని ఉంటాడు. మిగతా రెండు గంటలూ ముతక జోకులు, జారిపడటాలు, వాంతులు, విలన్ పన్నే కుట్రలు, ఆఖరి నిమిషంలో గెలుపు. విమర్శకులు ఒకటిన్నర రేటింగ్ ఇస్తారు, జనం ఓటీటీలో మూడోసారి చూస్తారు.

ఇలాంటి సినిమా వచ్చినప్పుడల్లా చాలా ఇళ్లలో ఒక ప్రశ్న నిజంగానే లేస్తుంది, ఎందుకంటే తాగే కొడుకు ఉన్న ఇళ్లు మనకేం తక్కువ లేవు. అలా రాయొచ్చా? రాస్తే చెల్లుతుందా? దీనికి రెండు జవాబులు వినపడుతుంటాయి. "ఆయన ఆస్తి, ఆయనిష్టం, ఏదైనా రాసుకోవచ్చు" అనేది ఒకటి. "అవన్నీ సినిమాల్లోనేనండీ, కోర్టులో నిలవవు" అనేది రెండోది. రెండింట్లోనూ సగమే నిజం ఉంది. నా ఉద్దేశంలో అసలు చిక్కు షరతు పెట్టొచ్చా లేదా అన్నది కాదు, ఆ షరతు తీరిందో లేదో ఎవరు తేలుస్తారు, తీరకపోతే ఆస్తి ఎవరికి పోతుంది అన్నదే. అందుకే విషయాన్ని మొదటినుంచీ చూద్దాం.

## ఈ కథకి మూలం ఎక్కడుంది

1902లో అమెరికాలో జార్జ్ బార్ మెక్‌కచన్ అనే రచయిత 'బ్రూస్టర్స్ మిలియన్స్' అనే నవల రాశాడు. తాత ఇచ్చిపోయిన పది లక్షల డాలర్లనీ ఏడాదిలో పూర్తిగా ఖర్చుపెట్టేసి చేతిలో చిల్లిగవ్వ లేకుండా నిలబడితే, మేనమామ వదిలిన డెబ్బై లక్షల డాలర్లు వస్తాయి. అదీ కథ. దీన్ని ప్రపంచంలో ఎన్ని భాషలవాళ్లు వాడుకున్నారో లెక్కలేదు. మనకి 1954లో ఎన్టీఆర్ నటించిన 'వద్దంటే డబ్బు', 1997లో రజనీకాంత్ 'అరుణాచలం' ఈ కథనే అల్లుకున్నాయి. 'అరుణాచలం'లో ముప్పై రోజుల్లో ముప్పై కోట్లు ఖర్చుపెడితే మూడు వేల కోట్లు. డబ్బంటే మొహం మొత్తేలా చేసి, దుబారా అనే చెడలవాటుని వదిలించాలన్నది ఆ షరతు వెనక ఉద్దేశం.

హాలీవుడ్‌లో 1995లో వచ్చిన 'బిల్లీ మాడిసన్' ఇంకో దారి. పగలల్లా తాగి కొలను పక్కన పడుకునే కొడుకు, హోటళ్ల కంపెనీ తనకే రావాలంటే ఒకటో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా, తరగతికి రెండు వారాల చొప్పున, మళ్లీ చదివి పాసవ్వాలి. ఇక్కడొక విషయం చాలామంది గమనించరు. ఆ సినిమాలో తండ్రి బతికే ఉంటాడు. అంటే అది వీలునామా కాదు, తండ్రీకొడుకుల మధ్య ఒప్పందం. 'బ్రూస్టర్స్ మిలియన్స్' తరహా కథల్లో ఉన్నది వీలునామా. సినిమాకి ఈ తేడా అక్కర్లేదు గానీ చట్టానికి ఇవి వేర్వేరు లోకాలు. ముందు ఒప్పందం సంగతి చూద్దాం, ఎందుకంటే చెడలవాట్ల మీద ప్రపంచంలో బాగా పేరుపడ్డ కేసు అదే.

## బాబాయి మాట, అబ్బాయి నిగ్రహం: 1891 నాటి తీర్పు

1869 మార్చి 20న అమెరికాలో ఒక కుటుంబం పెద్దల యాభయ్యేళ్ల పెళ్లిరోజు చేసుకుంటోంది. బంధువులంతా కూర్చుని ఉండగా విలియం స్టోరీ అనే పెద్దమనిషి, తన పేరే పెట్టుకున్న అన్నదమ్ముల బిడ్డతో ఒక మాటన్నాడు. నీకు ఇరవై ఒక్క ఏళ్లు నిండేదాకా మందు తాగకుండా, పొగాకు ముట్టకుండా, బూతులు మాట్లాడకుండా, డబ్బు పెట్టి పేకాట, బిలియర్డ్స్ ఆడకుండా ఉంటే ఐదు వేల డాలర్లిస్తా. కుర్రాడు సరేనన్నాడు, ఉన్నాడు.

1875 జనవరి ఆఖరున ఇరవై ఒకటి నిండగానే బాబాయికి ఉత్తరం రాశాడు, నా వంతు నేను చేశానని. వారం తిరిగేలోపు జవాబొచ్చింది. డబ్బు నీదే, బ్యాంకులో తీసిపెట్టాను, నిలబెట్టుకునే తెలివి వచ్చిందని నాకనిపించేదాకా మాత్రం నా దగ్గరే ఉంచుతా అన్నది దాని సారాంశం. కుర్రాడు ఒప్పుకున్నాడు. పన్నెండేళ్ల తర్వాత, 1887 జనవరిలో, డబ్బు ఇవ్వకుండానే బాబాయి పోయాడు. ఆస్తి వ్యవహారాలు చూసే ఎగ్జిక్యూటర్ సిడ్వే ఇవ్వనన్నాడు. ఆ హక్కు అప్పటికి చేతులు మారి లూయిసా హేమర్ అనే ఆవిడ దగ్గరికి చేరడంతో కేసు 'హేమర్ వర్సెస్ సిడ్వే' అయింది.

ఎగ్జిక్యూటర్ వాదన వినడానికి బలంగానే ఉంటుంది. మందు మానేస్తే లాభం ఎవరికి? కుర్రాడికే. వాడు పోగొట్టుకున్నదేమీ లేదు, బాబాయికి దక్కిందేమీ లేదు, ఇచ్చిపుచ్చుకోవడం లేనప్పుడు అది ఒప్పందం ఎలా అవుతుంది? మధ్యలో ఒక కోర్టు ఈ వాదనకే మొగ్గింది కూడా. కానీ న్యూయార్క్ రాష్ట్రపు అత్యున్నత కోర్టు 1891లో దాన్ని తిప్పేసింది. తాగడం, పొగాకు వాడటం అప్పట్లో ఆ కుర్రాడికున్న చట్టబద్ధమైన స్వేచ్ఛ. బాబాయి మాట మీద నమ్మకంతో కొన్నేళ్లపాటు ఆ స్వేచ్ఛని వదులుకున్నాడు. అది చాలు, దానివల్ల వాడి ఆరోగ్యం బాగుపడిందా లేదా అన్నది మాకక్కర్లేదు అంది కోర్టు.

మన దగ్గర ఈ విషయంలో ఇంత తర్జనభర్జన అక్కర్లేకుండానే 1872 భారత కాంట్రాక్ట్ చట్టం రాసిపెట్టింది. సెక్షన్ 2(డి) ప్రకారం ఎదుటివాడి కోరిక మీద ఏదైనా చేసినా, చేయకుండా మానుకున్నా, రెండూ ప్రతిఫలం కిందికే వస్తాయి. కాబట్టి "మందు మానుకో, ఇది నీకిస్తా" అన్న మాట మన చట్టం దృష్టిలో ఊరికే గాలిలో పోయేది కాదు. కాకపోతే ఇంట్లో కోపంలోనో ప్రేమలోనో అన్న ప్రతి మాటా ఒప్పందమైపోదు, చట్టానికి కట్టుబడాలన్న ఉద్దేశంతోనే ఆ మాట అన్నారని తేలాలి. బాబాయి రాసిన ఆ ఉత్తరం లేకపోతే హేమర్ కేసు ఎటుపోయేదో ఎవరూ చెప్పలేరు.

## వీలునామాకి వస్తే: ముందు పెట్టే షరతు, తర్వాత పెట్టే షరతు

మనిషి పోయాక మాట్లాడేది వీలునామా. బతికున్నంతకాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. హిందువులకైతే సంతకం, ఇద్దరు సాక్షులు ఉంటే చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. షరతుల సంగతంతా 1925 భారత వారసత్వ చట్టంలో సెక్షన్ 124 నుంచి 138 దాకా ఉంటుంది, ఇవి హిందువుల వీలునామాలకీ వర్తిస్తాయి.

షరతులు రెండు రకాలు. "నువ్వు ఫలానా పని చేస్తే ఆస్తి వస్తుంది" అనేది మొదటి రకం. పని అయ్యేదాకా గేటు మూసే ఉంటుంది. "ఆస్తి నీదే, కానీ ఫలానా పని చేస్తే పోతుంది" అనేది రెండో రకం. గేటు తీసే ఉంటుంది, తప్పు చేస్తే బయటికి పంపుతారు. వినడానికి రెండూ ఒకటేలా ఉంటాయి గానీ చట్టం వీటిని కొలిచే కొలత వేరు.

మొదటి రకంలో చట్టం ఉదారంగా ఉంటుంది. సెక్షన్ 128 ప్రకారం షరతుని చాలామటుకు నెరవేర్చినా సరిపోతుంది. దీనికి చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది, చదివితే మన పెళ్లిళ్లు గుర్తొస్తాయి. నలుగురు పెద్దల సమ్మతితో పెళ్లి చేసుకుంటేనే ఆస్తి అని వీలునామా. ఒకాయన కాగితం మీద సమ్మతి రాసిచ్చాడు. రెండో ఆయన పెళ్లికి వచ్చి కూర్చున్నాడు. మూడో ఆయన పెళ్లికి ముందే కానుక పంపాడు. నాలుగో ఆయనకి పెళ్లికొడుకు స్వయంగా చెబితే ఏమీ అభ్యంతరపెట్టలేదు. షరతు తీరినట్టే అంటుంది చట్టం. అదే పెళ్లయ్యాక వెళ్లి సమ్మతి తెచ్చుకుంటే మాత్రం కుదరదు.

రెండో రకంలో, తప్పు జరిగితే ఆస్తి ఇంకొకరికి పోవాలని రాసి ఉంటే, సెక్షన్ 132 గట్టిగా పట్టుకుంటుంది. ఆ షరతులోని మాటలు పొల్లు పోకుండా జరిగితే తప్ప రెండోవాడికి ఆస్తి వెళ్లదు. ముగ్గురి సమ్మతి లేకుండా పెళ్లి చేసుకుంటే ఆస్తి ఇంకొకరికి అని రాశారనుకోండి, ఆ ముగ్గురిలో ఒకాయన ముందే పోయాడనుకోండి. ఇక మిగతా ఇద్దర్నీ అడక్కుండా పెళ్లి చేసుకున్నా ఆస్తి పోదు, ఎందుకంటే 'ముగ్గురూ' అన్న మాట ఇక నిజమయ్యే అవకాశమే లేదు. ఇవ్వడంలో పట్టువిడుపు, లాక్కోవడంలో పట్టుదల. చట్టం వైఖరి స్థూలంగా ఇంతే, నాకైతే ఇది న్యాయంగానే కనిపిస్తుంది.

కొన్ని షరతులు పుట్టుకతోనే చెల్లవు. గంటలో వంద మైళ్లు నడిస్తేనే ఆస్తి అంటే అది అసాధ్యం, రాసిందీ చెల్లదు. హత్య చేస్తేనో, భర్తని వదిలేస్తేనో ఆస్తి అంటే అది చట్టానికో నీతికో విరుద్ధం, అదీ చెల్లదు. ఇవి నేను కల్పించినవి కావు, చట్టంలో ఇచ్చిన ఉదాహరణలే.

## ఒకే ఇల్లు, నాలుగు రకాల రాత

తెనాలి వైపు ఒక రైతు ఉన్నాడనుకుందాం. సొంతంగా సంపాదించిన మూడెకరాల మాగాణి. తల్లి, భార్య ముందే పోయారు. కొడుకు, కూతురు ఉన్నారు. కొడుక్కి తాగుడు. ఈయన వీలునామాలో ఏం రాస్తే ఏమవుతుందో చూద్దాం.

మొదటి రాత: "నా కొడుకు సక్రమంగా నడుచుకుంటే పొలం వాడికి చెందును." మన ఊళ్లలో డాక్యుమెంట్ రైటర్లు అలవాటుగా రాసే మాట ఇది. సక్రమం అంటే ఏమిటి? ఎన్నాళ్లు? ఎవరి లెక్కలో? ఉద్దేశం స్పష్టంగా లేని రాత చెల్లదని సెక్షన్ 89 చెబుతుంది. ఇప్పుడు అసలు విషయం చూడండి. ఆ రాత చెల్లకపోతే, వీలునామాలో వేరే ఏర్పాటు లేకపోతే, ఆ పొలం వీలునామా లేని ఆస్తిలా హిందూ వారసత్వ చట్టం ప్రకారం పంపకమవుతుంది. కొడుక్కి ఎకరంన్నర, కూతురికి ఎకరంన్నర. తాగుతూ కూర్చున్నా కొడుకు వాటా కొడుక్కి వచ్చేస్తుంది, ఎందుకంటే ఆ చట్టంలో తాగుడు అనర్హత కాదు. ఆస్తి వదిలిన మనిషిని హత్య చేసినవాడికి వారసత్వం పోతుంది గానీ తాగుబోతుకి పోదు.

రెండో రాత: "నేను పోయిన నాటినుంచి రెండేళ్లు మద్యం ముట్టకపోతే పొలం నా కొడుక్కి." స్పష్టత పెరిగింది. కానీ ముట్టకపోతే ఎవరికి పోవాలో రాయలేదు. కొడుకు మొదటి నెలలోనే తాగాడనుకుందాం, మళ్లీ అదే ఎకరంన్నర. మూడెకరాల బదులు సగం వస్తుంది, అంతే. సినిమాలో చిల్లిగవ్వ రాదు అన్న భయం ఇక్కడ లేదు. పైగా ఆ రెండేళ్లూ కౌలు డబ్బులు ఎవరు తీసుకోవాలి, నీటి తీరువా ఎవరు కట్టాలి అన్నది ఎవరూ ఆలోచించలేదు. పెళ్లిలో ఒక గుక్క కల్లు తాగితే షరతు పోయినట్టా, 'చాలామటుకు' తీరినట్టా? దీని మీద ఇద్దరు లాయర్లు ఏళ్ల తరబడి వాదించుకోగలరు.

మూడో రాత: "పొలం నా కొడుక్కి. నేను పోయిన రెండేళ్ల లోపు డీఅడిక్షన్ కేంద్రంలో చికిత్స పూర్తి చేసి, ఆ కేంద్రం డాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్ నా ఎగ్జిక్యూటర్‌కి అందజేయాలి. అందజేయకపోతే పొలం నా కూతురికి." ఇది నిలబడే రాత. ఏం చేయాలి, ఎప్పటిలోపు, రుజువేంటి, ఎవరికి ఇవ్వాలి, లేకపోతే ఎవరికి పోవాలి, అన్నీ ఉన్నాయి. ఇందులో అడిగింది కొడుకు గుణం మారడం కాదు, కొడుకు చేయగలిగిన ఒక పని. కోర్టు గుణాన్ని కొలవలేదు, పని జరిగిందో లేదో చూడగలదు.

నాలుగో రాత: "పొలం నా కొడుక్కి సర్వహక్కులతో ఇస్తున్నాను, దాని మీద వచ్చే డబ్బుతో వాడు తాగకూడదు." సెక్షన్ 138 వచ్చి ఆ చివరి మాటని కొట్టేస్తుంది. పూర్తి హక్కు ఇచ్చేశాక ఇలాగే అనుభవించు అని చెప్పడానికి లేదు, ఆ సూచన లేనట్టే లెక్క. కొడుక్కి పొలం వస్తుంది, ఏ షరతూ లేకుండా. తండ్రి మనసులో ఎంత బాధ పెట్టుకుని ఆ వాక్యం రాయించాడో తలచుకుంటే కష్టంగా ఉంటుంది, కానీ చట్టం మాత్రం దాన్ని పక్కన పెట్టేస్తుంది.

## విలన్ అనేవాడు ఎక్కణ్నుంచి వస్తాడు

మూడో రాతని ఇంకోసారి చూడండి. కొడుకు ఓడిపోతే కూతురికి మూడెకరాలూ వస్తాయి. అంటే అన్న మళ్లీ తాగితే చెల్లెలికి లాభం. నిన్నటిదాకా అన్నయ్యని ఆస్పత్రికి తీసుకెళ్లిన పిల్లే కావచ్చు, కాగితం మాత్రం ఆమెని అవతలి పక్షంలో నిలబెట్టింది. సినిమాలో విలన్‌గా కనిపించేవాడు దర్శకుడి కల్పన అనుకుంటాం గానీ, షరతు తప్పితే ఆస్తి ఇంకొకరికి పోయేలా రాయొచ్చనే సెక్షన్ 131లోనే వాడు ఉన్నాడు. రెండో హక్కుదారు లేకపోతే షరతుకి కోరలుండవు, ఉంటేనేమో ఇంట్లో ఒకరి పతనం ఇంకొకరికి ఆస్తి అవుతుంది. ఈ ముడి విప్పడానికి తేలిక దారి లేదు.

మరి విలన్ హీరో కూల్‌డ్రింక్‌లో మందు కలిపేస్తే? చట్టం రాసినవాళ్లు దీన్ని కూడా ఊహించారు. గడువులోపు చేయాల్సిన పనిని ఎవరైనా మోసంతో అడ్డుకుంటే, ఆ మోసం వల్ల ఎంత ఆలస్యమైందో అంత సమయం అదనంగా ఇవ్వాలని సెక్షన్ 137 చెబుతుంది. కాబట్టి నిజజీవితంలో క్లైమాక్స్‌లో గోడగడియారం వైపు పరిగెత్తాల్సిన పని ఉండకపోవచ్చు. మోసం జరిగిందని రుజువు చేయడం మాత్రం పరుగు కన్నా కష్టం.

ఇంకో పొరపాటు మన ఇళ్లలో తరచూ జరుగుతుంది. ఓడిపోతే లాభపడేవాడినే ఎగ్జిక్యూటర్‌గా పెట్టేస్తారు, "ఇంట్లో చదువుకున్నది వాడొక్కడే కదా" అని. గెలిచాడా ఓడాడా తేల్చేదీ వాడే, ఓడితే తీసుకునేదీ వాడే. చట్టం దీన్ని నిషేధించలేదు, కానీ తర్వాత పుట్టే దావాలకి ఇంతకన్నా మంచి విత్తనం ఉండదు.

## అసలు రాయడానికి ఎంత ఆస్తి ఉంది

సినిమా ఎప్పుడూ అడగని ప్రశ్న ఇది. స్వార్జితమైతే పూర్తిగా రాసుకోవచ్చు. పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తి అయితే తన వాటా వరకే రాయగలరు, కొడుకు వాటా పుట్టుకతోనే కొడుకుది. దానికి ఏ షరతూ పెట్టడానికి వీల్లేదు. కూతుళ్లకి కూడా ఇదే హక్కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలోనే, 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేలా, అప్పటికి పెళ్లికాని వాళ్లకి వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. "నీకు చిల్లిగవ్వ దక్కనివ్వను" అని తాతల నాటి పొలం చూపించి బెదిరించే తండ్రి చేతిలో నిజానికి ఆ పొలంలో ఒక వంతే ఉంటుంది. ముస్లిం కుటుంబాల్లో లెక్క వేరు. అప్పులూ అంత్యక్రియల ఖర్చులూ పోగా మిగిలినదాంట్లో మూడో వంతుకి మించి వీలునామా రాయాలంటే మిగతా వారసుల సమ్మతి ఉండాలి.

## పోయినవాళ్ల మాట ఎంతవరకు చెల్లాలి

ఇక్కడ రెండు పక్షాలున్నాయి, రెండూ ఆలోచించదగ్గవే. సంపాదించినవాడికి ఎవరికీ ఇవ్వకుండా పోయే హక్కే ఉన్నప్పుడు, షరతుతో ఇచ్చే హక్కు ఎందుకుండకూడదు అనేది ఒక పక్షం. ఒహాయోలో 1974లో వచ్చిన షపీరా కేసు ఈ దారిలో నడిచింది. ఏడేళ్లలోపు యూదు తల్లిదండ్రులకి పుట్టిన యూదు అమ్మాయిని పెళ్లి చేసుకుంటేనే కొడుక్కి వాటా, లేకపోతే ఇజ్రాయెల్ ప్రభుత్వానికి అని తండ్రి రాస్తే, కోర్టు చెల్లుతుందంది. పెళ్లే వద్దనలేదు కదా, ఏడేళ్లు తక్కువేం కాదు కదా అన్నది.

చచ్చినవాడి చెయ్యి బతికున్నవాళ్ల మెడ మీద ఎన్నాళ్లుంటుంది అనేది రెండో పక్షం. బతికున్న తండ్రితో మాట్లాడొచ్చు, ఒప్పించొచ్చు, కాళ్లు పట్టుకోవచ్చు. కాగితంతో కుదరదు. పరిస్థితి మారినా కాగితం మారదు. 1926లో టొరొంటోలో చనిపోయిన చార్ల్స్ మిల్లర్ అనే లాయర్ దీన్ని ఎంతదూరం లాగాడంటే, తన మిగతా ఆస్తంతా పదేళ్లలో ఆ ఊళ్లో ఎక్కువమంది పిల్లల్ని కన్న తల్లికి ఇవ్వమని రాశాడు. ఆర్థికమాంద్యం రోజుల్లో పేద తల్లులు ఆ పోటీలో పడ్డారు. చివరికి తొమ్మిదేసి మంది పిల్లలున్న నలుగురు తల్లులు పంచుకున్నారు. కెనడా సుప్రీంకోర్టు ఆ రాత చెల్లుతుందనే అంది. చెల్లింది నిజమే, కానీ ఆ తల్లుల ఒళ్లు ఏమైందో తలచుకుంటే "ఆయనిష్టం" అన్న వాదన నాకు రుచించదు.

మన దేశంలో 1872 నాటి టాగోర్ కేసు ఒక హద్దు గీసింది. కలకత్తాలో ప్రసన్నకుమార్ టాగోర్, కొడుకు జ్ఞానేంద్రమోహన్ క్రైస్తవం తీసుకున్నాడని ఒక్క పైసా కూడా రాయకుండా, ఆస్తిని అన్నదమ్ముల బిడ్డ జతీంద్రమోహన్‌కీ ఆ తర్వాత మగ సంతానపు వరసకీ రాశాడు. బ్రిటిష్ కాలంలో మన కేసులకి ఆఖరి కోర్టు అయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ జతీంద్రమోహన్ బతికున్నంతకాలపు హక్కుని ఒప్పుకుంది. ఆ తర్వాత పుట్టబోయేవాళ్ల వరసంతా ముందే నిర్ణయించడం కుదరదంది. ఆ మిగిలిన హక్కు, ఏ కొడుక్కి దక్కకూడదని రాశారో ఆ కొడుక్కే చేరింది. కొడుక్కి లేకుండా చేసే స్వేచ్ఛ ఉంది, వారసత్వ చట్టాన్నే కొత్తగా రాసుకునే స్వేచ్ఛ లేదు.

## తాగుడుని షరతుగా పెడితే వచ్చే ప్రత్యేకమైన ఇబ్బంది

పేకాట మానమనడం వేరు, మందు మానమనడం వేరు కాదా అంటే, వైద్యం ప్రకారం రెండూ వ్యసనాలే కావచ్చు గానీ మందు విషయంలో ఒళ్లు కూడా లొంగిపోయి ఉంటుంది. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల దుర్వినియోగంతో ముడిపడ్డ మానసిక స్థితుల్ని మానసిక అనారోగ్యం నిర్వచనంలోనే చేర్చింది. ఏళ్లుగా రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, మతి చలించి ప్రాణం మీదకీ రావచ్చు. కాబట్టి "నేను పోయిన రోజు నుంచి చుక్క ముట్టకూడదు" అన్న షరతు డాక్టర్ పర్యవేక్షణ లేకపోతే ప్రమాదం. సినిమాలో హీరో ఒక పాటలో మారిపోతాడు. నిజంగా మానేవాళ్లు చాలామంది మానడం, జారడం, మళ్లీ మానడం అనే దారిలోనే వెళతారు. ఒక్కసారి జారితే అంతా పోయింది అని రాసిన కాగితం, జారిన మనిషికి మళ్లీ లేవడానికి ఉన్న కారణాన్నే తీసేస్తుంది.

డబ్బు ఆశ పనిచేయదా అంటే పనిచేస్తుంది, ఒక పద్ధతిలో. 1990ల నుంచి అమెరికాలో మత్తుమందుల చికిత్సలో, పరీక్షలో మత్తు లేదని తేలినప్పుడల్లా వెంటనే చిన్న చిన్న కూపన్లు ఇచ్చే పద్ధతిని పరిశోధకులు బాగా పరీక్షించారు, ఇస్తున్నంతకాలం ఫలితం కనిపించింది. అక్కడ కిటుకు చిన్న బహుమతి, వెంటనే ఇవ్వడం, మళ్లీ మళ్లీ ఇవ్వడం. రెండేళ్ల తర్వాత ఒకేసారి మూడెకరాలు అన్నది దీనికి సరిగ్గా వ్యతిరేకం.

## కాగితం ఇంకోలా రాసే దారి

బతికుండగానే గిఫ్ట్ డీడ్ రాసి షరతు పెడితే సరిపోదా అని అడుగుతారు. 2007 వృద్ధుల సంరక్షణ చట్టంలో సెక్షన్ 23 ఉంది. తల్లిదండ్రుల్ని చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చాక చూసుకోకపోతే ఆ రాతని రద్దు చేయించుకోవచ్చు. మన దగ్గర దరఖాస్తు వెళ్లేది ఆర్డీఓ స్థాయి ట్రిబ్యునల్‌కి. అలాంటి షరతు ఉందని రుజువవ్వాలని సుప్రీంకోర్టు 2022లో గట్టిగా చెప్పింది. 2025 జనవరిలో వచ్చిన ఊర్మిళా దీక్షిత్ తీర్పులో ఈ చట్టాన్ని పెద్దల పక్షాన ఉదారంగా చూడాలని చెప్పి తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించింది. కానీ ఇది పెద్దల పోషణ కోసం పుట్టిన సెక్షన్, కొడుకు తాగుడు మాన్పించడానికి కాదు. తాగుతూనే తల్లికి వేళకి అన్నం పెట్టే కొడుకు మీద ఇది పనిచేయదు.

ఇలాంటి కుటుంబాలకి నాకు ఎక్కువ నచ్చిన దారి 1882 భారత ట్రస్టుల చట్టం కింద ఒక ప్రైవేట్ ట్రస్టు. పొలం కొడుకు పేరునా కూతురి పేరునా కాకుండా ట్రస్టీ చేతిలో ఉంటుంది. కౌలు డబ్బుల్లోంచి కొడుకు చికిత్స ఖర్చు నేరుగా ఆస్పత్రికి, మనవల ఫీజు నేరుగా స్కూలుకి, ఇంటి సరుకుల డబ్బు కోడలి ఖాతాకి వెళ్లేలా రాయొచ్చు. కొడుకు కుదురుగా ఉన్న నెలల్లో వాడి చేతికిచ్చేది పెంచే విచక్షణ ట్రస్టీకి ఇవ్వొచ్చు, జారిన నెలలో తగ్గించొచ్చు, ఆస్తి మొత్తంగా ఎవరికీ పోదు. దీంట్లోనూ చిక్కులున్నాయి. మూడెకరాల కోసం ఇంత ఏర్పాటు ఖర్చుతో కూడిన పని, ఏళ్లపాటు ఓపిగ్గా లెక్కలు రాసే నమ్మకస్తుడు దొరకాలి, ఆయన పోతే తర్వాత ఎవరో కూడా ముందే రాయాలి. ఆ ట్రస్టీ కక్షతోనో పక్షపాతంతోనో డబ్బు ఆపేస్తే, విచక్షణ నిజాయితీగా వాడలేదని చూపించి కొడుకు సివిల్ కోర్టుకి వెళ్లొచ్చు, అదే చట్టంలో సెక్షన్ 49 అందుకే ఉంది.